తలవైపు నుంచి మొదలుకి

ఆ సినిమా టీవీలో వచ్చిన ఆదివారం సాయంత్రం మా ఊరు ఊరంతా ఎద్దుబొమ్మ హోటలు వెనక హాల్లోనే ఉంది. ఏప్రిల్ ఇరవై ఎనిమిది. ఆస్పరాగస్ కోత, అంటే మట్టికట్టల్లో మొలిచే తెల్లకాడల కోత, మొదలై పది రోజులైంది. తెల్లారుజామునే చేలో వంగి వంగి అందరి నడుములూ పట్టేసి ఉన్నాయి. అయినా ఒక్కరూ ఇంటిపట్టున ఉండలేదు. అంతకుముందు ఏడాది వేసవిలో మూడు వారాలపాటు మా వీధుల్లో, మా చేలల్లో, మా పెరట్లో తీసిన సినిమా మరి! మేయరు గారు రెండు బీరు పీపాల మీద బల్ల వేయించి టీవీని ఎత్తుగా పెట్టించారు. నన్నూ ఒట్టీనీ ముందు వరసలో కూర్చోబెట్టారు. ఎందుకంటే ఆ కథ మాది.

మాది, మాది అని చెప్పుకుని తిరిగినదాన్ని నేనే. ఆ మాట ముందే ఒప్పుకుంటాను.

ఒట్టీ, లోనీ అనే నేనూ కవలలం. తను నాకన్నా పదకొండు నిమిషాలు పెద్ద. ఇద్దరికీ అప్పుడు అరవై ఒకటి. పందొమ్మిది వందల యాభై తొమ్మిదిలో, మాకు ఇరవై నాలుగేళ్లప్పుడు, ఒకరి చోట ఒకరం ఆరు వారాలు బతికాం. తను మన్‌హైమ్ పట్నంలో చొక్కాల ఫ్యాక్టరీలో కొత్తగా చేరింది. మూడు నెలలు చూసి గాని ఖాయం చెయ్యరు. ఇంతలో నెమ్ము చేసింది. పడుకుంటే ఉద్యోగం పోతుంది, పడుకోకపోతే మనిషే పోతుంది. సరే అని నేను తన గౌను తొడుక్కుని ఫ్యాక్టరీకి పోయాను. తను నా గౌను తొడుక్కుని మా అత్తవారింటికి వచ్చి, పల్లెగాలి పీల్చుకుని లేచి తిరిగింది. కథ అంతే. కానీ నేను చెప్పేటప్పుడు అంతటితో ఎప్పుడూ ఆపలేదు. "ఒక్క పిట్టకి కూడా తెలీలేదు! మా అత్తకి తెలీలేదు, మా ఆయనకే తెలీలేదు!" అని చేతులు తిప్పుతూ చెప్పేదాన్ని. టెస్మెర్ గారనే ఆ టీవీ ఆయన కాడలు కొనుక్కోవడానికి వచ్చి మా పెరట్లో కూర్చుంటే, స్ట్రాబెర్రీ కేకు ముక్క మీద ముక్క వడ్డిస్తూ ఆయనకీ అలాగే చెప్పాను. ఆయన చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. నేను ఇంకా పొంగిపోయాను.

ఆ సినిమా పేరు 'ఒకే అచ్చు, రెండు మంచాలు'. పేరు తెర మీద పడగానే ఒట్టీ నావైపు చూసింది. నేను తెరవైపే చూస్తూ కూర్చున్నాను.

ఏం చెప్పమంటారు! ఒకే నటి ఇద్దరుగా వేసింది. పల్లెటూరిది పట్నం పోయి లిఫ్టుని చూసి శిలువ గుర్తు వేసుకుంటుంది. పట్నందేమో పల్లెకొచ్చి పేడకుప్పలో పడుతుంది. సరిపోలేదని మళ్లీ పడుతుంది. అత్తగారికి చెవుడు, మొగుడికి మందబుద్ధి, ఊళ్లో వాళ్లందరికీ నోళ్లు తెరిచి ఉంటాయి. తెరలోంచి ఎవరో మనకి బదులుగా నవ్వుతూనే ఉన్నారు, హాల్లో మాత్రం ఒక్కరూ నవ్వడంలేదు. మేయరు గారు ఒకసారి దగ్గారు, అది నవ్వనుకుని ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు.

అప్పుడు వంటింటి సీను వచ్చింది. పల్లెటూరిది తన ఇంట్లో తాను కూర్చుని కాడలకి చెక్కు తీస్తోంది. మొదలు దగ్గర పట్టి, తలవైపుకి గీకుతోంది!

హాలు ఒక్కసారి గగ్గోలెత్తింది.

"తల విరుగుతుందే, తల విరుగుతుంది!" అని మా పక్కింటి క్రెసెన్స్ కుర్చీలోంచి లేచేసింది.

"పల్లెటూరిదట! ఏ దేశం పల్లెటూరిదో!"

"దాని చేతిలోంచి ఆ చాకు లాక్కోండ్రా ఎవరైనా!"

మా ఊళ్లో ఆరేళ్ల పిల్లకి కూడా తెలుసు, తెల్లకాడకి తల కింద రెండు వేళ్లు వదిలి, అక్కణ్ణుంచి మొదలు దాకా కిందికి తీయాలని. తల మెత్తన. ఎదురు గీకితే తెగి పడుతుంది. మూడు వారాలు మా ఊళ్లో ఉండి, మా కాడలు తిని, ఈ ఒక్క ముక్క ఎవర్నీ అడగలేదు వాళ్లు.

అది అక్కడితో అయిపోతే నవ్వుకుని ఇంటికి పోయేవాళ్లం. కానీ తరవాత మంచం సీను వచ్చింది. పట్నం అక్క పెళ్లాం గౌను వేసుకుని ఉంటే, ఆ మందబుద్ధి మొగుడు దీపం ఆర్పి దుప్పటి ఎత్తుతాడు. తెరలోని వాళ్లు పగలబడి నవ్వారు. వెనకనుంచి లాంపెర్ట్ గొంతు, వాడి నోటికి తాళం ఎప్పుడూ లేదు, "అలోయిస్ ఎంత అదృష్టవంతుడురా! మంచం ఒకటి, పెళ్లాలు ఇద్దరు!" అంది.

అప్పుడు నవ్వారు. సినిమా మొత్తం మీద హాలు నవ్వింది అక్కడే.

అలోయిస్ మా ఆయన. పోయి తొమ్మిదేళ్లయింది.

ఒట్టీ సగం తాగిన గ్లాసు కింద పెట్టింది. "ఈ బీరు చేదుగా ఉంది," అని లేచి, వరసలో అందరి మోకాళ్లూ దాటుకుంటూ, ఎవరి మోకాలికీ తగలకుండా వెళ్లిపోయింది.

*

ఒట్టీ ఫ్యాక్టరీలో పనిమానేసి మూడేళ్లుగా మా ఇంట్లో మేడమీద గదిలో ఉండేది. కోతల కాలంలో రోజూ పొద్దున నేనూ మా అబ్బాయి ఎగోనూ కోసుకొచ్చిన కాడలు కడిగి, లావూ సన్నం వేరుచేసి, హోటలు వాళ్ల కోసం చెక్కు తీసేది తనే. ఆ సోమవారం దిగలేదు. మంగళవారమూ దిగలేదు. మోకాళ్ల నొప్పులంది. నేను సూపు పళ్లెం పైకి తీసుకెళ్తే తలుపు సగం తెరిచి అందుకునేది.

రోడ్డు పక్కన మా కాడల బడ్డీ దగ్గర మాత్రం జనం పెరిగారు. లాంపెర్ట్ రోజూ వచ్చేవాడు.

"ఇవాళ కూర్చున్నది ఏ లోనీ? అసలుదా, రెండోదా?"

"రెండు కిలోలు కొను, చెప్తా."

"ఒట్టీ కనబడ్డంలేదే? మంచం దిగలేదా?"

"లాంపెర్ట్, నీకు కాడలు ఇవ్వను. పక్క ఊరు పోయి కొనుక్కో. అక్కడైతే నీ ముఖం ఎవరికీ తెలీదు, మర్యాద చేస్తారు."

అని పంపేశాను గాని, ఇంటికొచ్చాక మూడుసార్లు ఎంచినా ఆ రోజు డబ్బుల లెక్క తేలలేదు. వాడి మాటకి కాదు. వాడికి ఆ మాట అందించింది నేనేనని.

మే నెల సగంలో ఎగోన్ ఒక ఉత్తరం పట్టుకుని చేలోకే వచ్చేశాడు. వాడు పంచాయతీలో ఉన్నాడు, ఊరు అంటే వాడికి ప్రాణం.

"అమ్మా, టెస్మెర్ గారు రాశారు. రెండో భాగం తీస్తారట. ఇక్కడే!"

"ఎవరి గురించి?"

"మీ గురించే. వచ్చే నెల యోహాను పండగకి కెమెరాతో వస్తారు. నువ్వు వేదిక మీద ఆ నటి పక్కన కూర్చుని, ఇది మా కథే, ఇలాగే జరిగింది అని నాలుగు ముక్కలు చెప్తే చాలు. ఊరికి పేరొస్తుందమ్మా. ఊరి మొదట్లో 'కవలల ఊరు' అని బోర్డు పెడదామంటున్నారు మేయరు గారు."

"ఇలాగే జరిగిందనాలా? ఆ మంచం కూడానా?"

వాడి చెవులు ఎర్రబడ్డాయి. "అది సినిమా అమ్మా. నవ్వుకోడానికి. ఎవరు పట్టించుకుంటారు?"

"మీ పెద్దమ్మ కిందికి దిగి ఎన్నాళ్లయిందో చూశావా?"

"మోకాళ్ల నొప్పులంది కదా."

"రెండు మోకాళ్లూ ఒకే ఆదివారం పట్టేశాయంటావా?"

వాడు ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేను కత్తి మట్టికట్టలోకి దింపి, వేలితో తడిమి, తరవాతి కాడ కోశాను.

*

జూన్ పదిహేనో పదహారో. దుప్పట్లు మారుద్దామని పైకి వెళ్తే ఒట్టీ మంచం మీద పెట్టె తెరిచి ఉంది. చొక్కాలు కుట్టిన చెయ్యి కదా, బట్టలు ఎంత చక్కగా మడిచిందంటే కత్తిరించి పేర్చినట్టున్నాయి.

"ఎక్కడికే?"

"మన్‌హైమ్. కన్యాస్త్రీల ఆశ్రమంలో గది ఖాళీ అయిందిట. పండగ మర్నాడు పొద్దుటి బస్సుకి పోతా."

"నలుగురు నాలుగు రోజులు నవ్వుతారే. తరవాత వాళ్లే మర్చిపోతారు."

"నీకేం, చెప్తావు. ఆ కథలో నువ్వు గెలిచినదానివి. నేను చెల్లెలి మొగుడి మంచం ఎక్కినదాన్ని. మీ వంటింట్లో అలోయిస్ ఫోటో కింద కూర్చుని రోజూ సూపు తాగాలి నేను."

"ఆ మంచం మాట నేను చెప్పలేదు కదే!"

"మా ఆయనకే తెలీలేదన్నావు. మిగతాది వాళ్లు అల్లుకోరా? ఏమీ తెలీని మొగుడి పక్క వదిలి పెళ్లాం ఎక్కడ పడుకుంటుంది లోనీ?"

"నువ్వు మా అత్త గదిలో పడుకున్నావు కదా! ఆవిడకి ఛాతీ పట్టేసిందనీ, రాత్రి లేచి నూనె రాయాలనీ..." అంటూంటే ఆ మాట నాకే తేడాగా వినబడింది.

ఒట్టీ పెట్టె పక్కన కూర్చుంది. "ముప్ఫై ఏడేళ్లుగా అనుకుంటున్నా, ఇది ఎప్పుడడుగుతుందా అని. చెప్పు. మీ అత్తకి ఛాతీ ఎప్పుడైనా పట్టేసిందా?"

మా అత్త ఫిలిప్పీనా తొంభై ఒక్కేళ్లు బతికింది. ఆవిడ తుమ్మగా కూడా నేను చూడలేదు.

"మొదటి రోజే," అంది ఒట్టీ. "మొదటి గంటలోనే. కాడల గంప ముందు పెట్టి చెక్కు తీయమంది. మన పుట్టింట్లో కాడలు ఎక్కడివి, బంగాళదుంపలేగా. నీకు పెళ్లయ్యాక వచ్చిన విద్య అది. నేను మొదలు పట్టుకుని పైకి గీకాను. తల ఊడి ఒళ్లో పడింది. మీ అత్త నా వెనకే నిలబడి ఉంది. నా చేతిలో కాడని అటుది ఇటు తిప్పి, నా చెయ్యి పట్టుకుని కిందికి లాగి, 'ఈ ఇంట్లో తలవైపు నుంచి మొదలుకి తీస్తాం, లోనీ' అంది. లోనీ అని ఒత్తి పలికింది. ఆ రోజు నుంచి ఆరు వారాలు ఒక్కసారి కూడా ఆ పేరు తప్పలేదు. ఆ సాయంత్రమే ఛాతీ నొప్పి అంది. తన గదిలో కిటికీ పక్కన నాకు పక్క వేసింది. నూనె రాసింది నేను కాదే. ఆవిడ రాసింది, నాకు. మేకపాలు ఆవిడే తాగించింది."

"మరి... అలోయిస్?"

"అలోయిస్ ఆ మొదటి సాయంత్రం గుమ్మంలో బూట్లు విప్పుతూ, నా ముఖం చూడకుండా, 'అమ్మ దగ్గర పడుకో, ఆవిడకి బాగాలేదట' అన్నాడు. అంతే. ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చేటప్పుడు మాత్రం రెండడుగులు వెనక నడుస్తూ, గాలితో అన్నట్టు అడిగేవాడు, 'అక్కడ తను బాగానే ఉందా?' అని. నేను 'బాగానే ఉందిట' అనేదాన్ని."

నేను మార్చడానికి తెచ్చిన దుప్పటి పక్కన పడేసి తన ఎదురుగా కూర్చున్నాను.

"నాకెందుకు చెప్పలేదే?"

"మీ అత్త మాట తీసుకుంది. 'లోనీకి చెప్పకు. ఆ పిల్ల తోబుట్టువు కోసం అంత సాహసం చేసింది. అందర్నీ నమ్మించాననుకోనీ, బతికినన్నాళ్లూ చెప్పుకుని మురిసిపోనీ' అంది."

అప్పుడు ఒకటొకటే గుర్తొచ్చాయి. ఆరు వారాలయ్యాక మన్‌హైమ్ స్టేషన్‌లో మళ్లీ గౌన్లు మార్చుకుని నేను మా ఊళ్లో బస్సు దిగితే అలోయిస్ వచ్చి ఉన్నాడు. ఇంట్లో అందరి లెక్కా లోనీ పొద్దున పోయి అక్కని చూసి వస్తోందని. ఆయన నా సంచీ అందుకుని, "ఎన్నాళ్లకొచ్చావే!" అన్నాడు. నేను ప్రేమ అనుకున్నాను. ప్రేమే, కాదనను. కానీ పొద్దున పోయినదాన్ని 'ఎన్నాళ్లకి' అంటాడేమిటని అప్పుడు తట్టలేదు. ఫ్యాక్టరీలో నా పక్క మిషను లీజెలొట్టె మొదటి వారమంతా తలెత్తకుండా, ఒక్క మాట మాట్లాడకుండా, నా బుట్టలోంచి కాలర్లు తీసుకుని కుట్టి తిరిగి పడేసేది. అక్కడ అదే రివాజేమో అనుకున్నాను. అక్కడ ఎవరికి తెలీదు? ఎవరికి తెలీదు చెప్పండి! ఇన్నేళ్లూ ఆ కథలో ఏమీ తెలీనిదాన్ని నేనొక్కదాన్నే.

"ఇది నలుగురిలో చెప్పవే ఒట్టీ."

"నేను చెప్పను. నేను చెప్తే సంజాయిషీ అవుతుంది. అరవై ఒక్కేళ్లొచ్చాక లాంపెర్ట్‌కి సంజాయిషీ ఇచ్చుకోవాలా నేను? చచ్చినా ఇవ్వను."

"అయితే నేను చెప్తా."

"చెప్తే ఊరందరి ముందూ పిచ్చిదానివవుతావు."

"అవుతా. ముప్ఫై ఏడేళ్లు తెలివైనదాన్నయ్యాను, అది చాలు."

ఒట్టీ నవ్వలేదు. పెట్టె మూత మాత్రం వేసింది. తాళం కూడా వేసింది.

*

జూన్ ఇరవై నాలుగు, యోహాను పండగనాడు కోత ఆపేస్తాం. ఆ పొద్దున చివరి కాడలు కోసి, మధ్యాహ్నం నుంచి హాల్లో వంట, బాజా, బీరు. టెస్మెర్ గారు మూడు కార్లతో దిగారు. నన్ను చూసి రెండు చేతులూ చాచారు.

"మా అసలు కథానాయిక! రేపు పొద్దున మీ చేలో మీ ఇద్దరూ కోస్తున్నట్టు చిన్న షాటు తీద్దాం."

"రేపు కోత లేదండీ."

"ఓ పది కాడలు, ఊరికే కెమెరా కోసం."

"యోహాను దాటాక మా కత్తి మట్టిలో దిగదు టెస్మెర్ గారూ. రెండు నెలలుగా కోయించుకున్న వేరు. ఇక దాని కోసం అది పెరగాలి. మీకు ఏం కావాలో ఇవాళే తీసుకోండి."

వేదిక మీద బల్ల, బల్ల మీద ఆ పొద్దుటి కాడలు, రెండు చాకులు. నటి నా పక్కన కూర్చుంది. మంచి పిల్లే, పాపం, భయపడుతూ నవ్వుతోంది. ముందు వరసలో మేయరు గారు, ఎగోన్, క్రెసెన్స్. లాంపెర్ట్ గోడవార గ్లాసుతో ఉన్నాడు. ఒట్టీ కనబడలేదు. నేను వచ్చేటప్పుడు పెట్టె మెట్ల కింద సిద్ధంగా ఉంది.

కెమెరా మీద ఎర్రదీపం వెలిగింది. టెస్మెర్ గారు, "పోయినేడు నాకు ఎలా చెప్పారో అలాగే చెప్పండి. మొత్తం ఊరిని ఎలా బుట్టలో వేశారు?" అన్నారు.

"పోయినేడు మీకు నేను చెప్పింది తప్పు," అన్నాను.

హాల్లో గ్లాసుల చప్పుడు ఆగింది.

"ఒక్కరికీ తెలీలేదని చెప్పాను. అందరికీ తెలుసు. మా అత్తకి మొదటి గంటలో తెలుసు. మా ఆయనకి మొదటి సాయంత్రం తెలుసు. ఎవరూ నోరు విప్పలేదు. నెమ్ముతో వచ్చిన పిల్లని మా అత్త తన గదిలో పడుకోబెట్టుకుని, ఛాతీ తనకి పట్టేసిందని చెప్పి, నూనె రాసి పాలు పోసి బతికించింది. మా ఆయన ఆరు వారాలు ఆ గది గడప తొక్కలేదు. నాకు ఈ నెలలోనే తెలిసింది. అందరి కళ్లూ కప్పానని ముప్ఫై ఏడేళ్లు గొప్పలు చెప్పుకున్నాను. మీ సినిమాలో ఊరంతా వెర్రివాళ్లు టెస్మెర్ గారూ. మా ఇంట్లో వెర్రిది ఒక్కతే. అది నేను."

"అది... అది అంత హాస్యంగా..." అన్నారాయన.

"హాస్యం కాదు. మీరు నవ్వించడానికి ఒక మొగుణ్ణి మందబుద్ధి చేశారు. పెళ్లాం ఎవరో తెలీని మగాడు మా ఊళ్లో లేడు. ఏం లాంపెర్ట్, నీకు తెలుసా, తెలీదా?"

లాంపెర్ట్ పెళ్లాం గోడవార నుంచి, "వాడికి తెలుసు లే లోనీ, తెలుసు కాబట్టే రోజూ ఎద్దుబొమ్మలో కూర్చుంటాడు!" అంది. హాలు పైకప్పు ఎగిరేలా నవ్వింది. లాంపెర్ట్ గ్లాసులోకి చూసుకున్నాడు.

"రెండో భాగం మీ ఇష్టం," అన్నాను. "కానీ మా చేలో కాదు, మా పెరట్లో కాదు, మా పేరుతో అసలే కాదు."

నేను ఎగోన్ వైపు చూడలేదు. వాడే లేచాడు. బోర్డూ లేదు, ఏమీ లేదు అంటాడా, అమ్మకి మతి లేదంటాడా అనుకున్నాను. వాడు తలుపువైపు తిరిగి, "పెద్దమ్మా, ఇక్కడ చోటుంది," అన్నాడు.

ఒట్టీ గుమ్మంలో ఉంది. ప్రయాణం కోటు వేసుకుని, గుండీలు మెడదాకా పెట్టుకుని. ఎప్పుడొచ్చిందో, ఎంత విందో తెలీదు. కుర్చీల మధ్యనుంచి నడిచి వచ్చింది. ఆ నటి పిల్ల తనంతట తనే లేచి కుర్చీ ఇచ్చింది. ఒట్టీ కోటు విప్పి కుర్చీ వెనక వేసింది. కూర్చుంది. చాకు తీసుకుంది. కాడల్లో అన్నిటికన్నా లావుది ఏరింది.

మూడేళ్లుగా మా ఊరికంతటికీ చెక్కు తీసి పెట్టిన చెయ్యి అది. కళ్లు మూసుకుని తీయగలదు.

కాడని మొదలు దగ్గర పట్టుకుంది. తల పైకెత్తి, ముందు వరస నుంచి గోడవార దాకా ఒక్కొక్కరి ముఖం చూస్తూ, మొదలు నుంచి తలవైపుకి, ఎదురు, నిదానంగా ఒక్క గీత గీకింది.

తల తెగి బల్ల మీద పడింది.

హాల్లో ఒక్కరూ కిక్కురుమనలేదు. క్రెసెన్స్ నోరు తెరిచి, మళ్లీ మూసింది. రెండో గీత. మూడో గీత. చాకు చప్పుడు తప్ప ఏమీ లేదు. క్రెసెన్స్ లేచొచ్చి, తొక్కలు కింద పడకుండా గిన్నె ఒట్టీ మోచేతి దగ్గరికి జరిపి, వెళ్లి కూర్చుంది.

కెమెరా మీద దీపం ఎప్పుడారిందో ఎవరూ చూడలేదు. ఆ ముక్క టీవీలో ఎన్నడూ రాలేదు. రెండో భాగం ఎక్కడో చక్కెరదుంపలు పండించే ఊళ్లో తీశారట. అందులోనూ పేడకుప్ప ఉందట.

మర్నాడు పొద్దున కోత లేదు కాబట్టి నేను ఆలస్యంగా లేచాను. బస్సు హారను వేసుకుంటూ పోయింది. మెట్ల కింద పెట్టె లేదు. పైకి చూస్తే, మేడమీద గది తలుపు తెరిచి ఉంది, లోపల బీరువా సొరుగులు తెరుస్తున్న, మూస్తున్న చప్పుడు.

నేను పైకి వెళ్లలేదు. ఏమీ అడగలేదు. రెండు గిన్నెల్లో సూపు పోసి, బల్ల మీద పెట్టాను. మా ఇంట్లో అదే పద్ధతి.